నాయన ఆర్ఎక్స్ ట్యాంకులో తుప్పు తీసిన విధం

నాయన 1993లో కొన్న యమహా ఆర్ఎక్స్ 100 బైకు, ఆయన పోయినాక కొర్లగుంటలో మా ఇంటి రేకుల షెడ్డు కింద ఆరేండ్లు కదలకుండా నిలబడింది. ట్యాంకులో సగానికి పెట్రోలు అట్లే ఉండిపోయింది. 2021 నవంబరు వానలకి తిరుపతి అంతా నీళ్లైనప్పుడు షెడ్డు రేకు కారింది, మూత కింద రబ్బరు అప్పటికే ఎండి పగిలి ఉంది. మొన్న మూత తీసి టార్చి వేస్తే లోపలంతా ఎర్రమన్ను మెత్తినట్టు ఉంది. వేలితో గీకితే పెంకులు పెంకులుగా ఊడొచ్చింది.

సగం నిండిన ట్యాంకే తొందరగా పాడవుతుంది. ఖాళీగా ఉన్న పైసగంలో రాత్రి చల్లదనానికి గాలిలో తేమ చెమట పట్టి గోడల వెంట జారుతుంది. నీళ్లు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరి అక్కడే కూర్చుంటాయి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది తేమను ఇంకా లాగుతుంది.

బాత్రూం యాసిడ్ పొయ్యమని మీకు ఎవరో ఒకరు చెప్తారు. పొయ్యొద్దు. అది తుప్పుతో ఆగదు, రేకును కూడా తింటుంది. మా బామ్మర్ది బండికి ఒక మెకానిక్ అట్లే పోసినాడు, గంటలో లోపల తళతళలాడింది, వారానికి అతుకు దగ్గర సూదిబెజ్జం పడి పెట్రోలు కారింది. నేను వాడింది నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్. అమ్మ ఇత్తడి చెంబులకి చింతపండు రుద్దేది ఎందుకో ఆలోచించండి. మెల్లని పులుపు చిలుమును కరిగిస్తుంది, చెంబును మాత్రం ఉంచుతుంది. ఇనుముకి నిమ్మ ఉప్పు అట్లాంటిదే.

ముందు పెట్రోలంతా డబ్బాలోకి వంచండి. పాతది వార్నిష్ వాసన వేస్తుంది, బండికి పనికిరాదు. కాలువలో పారబొయ్యకుండా మెకానిక్‌కి ఇస్తే చైన్లు కడుక్కుంటాడు. ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే బట్టల సబ్బుపొడి కలిపిన వేడినీళ్లతో వాసన పోయేదాకా రెండుమూడుసార్లు కడగండి. ఈ పనికి ఇంకో లాభం కూడా ఉంది, జిడ్డు మీద పులుపు పని చెయ్యదు. ట్యాంకు అడుగున పెట్రోలు తిప్పే కుళాయి, అంటే పెట్రోల్ కాక్ విప్పి, ఆ బెజ్జానికి సైకిల్ ట్యూబు ముక్క, దాని మీద చిన్న రేకు పెట్టి అవే స్క్రూలతో బిగించండి. మీ బండికి పెట్రోలు ఎంతుందో చూపే గేజి ఉంటే దాని ఫ్లోటు కూడా బయటికి తియ్యండి. మూతి చుట్టూ పెయింటు మీద గ్రీజు పూయండి.

పెంకులు గట్టిగా ఉంటే నట్లు వేసి ఆడించాలి. నేను సరిగ్గా ముప్పై రెండు లెక్కపెట్టి వేసి, కొంచెం నీళ్లు పోసి, దుప్పటిలో చుట్టి పావుగంట ఊపినాను. లెక్క ఎందుకంటే ట్యాంకు అడుగు చదునుగా ఉండదు, మధ్యలో బండి కమ్మీ ఇమడడానికి మూపురం లాగా పైకి లేచి ఉంటుంది. ముప్పై ఒకటి బయటికి వచ్చినాయి. ఆ ఒక్కటీ మూపురానికి అవతల దాక్కుంది. దారానికి అయస్కాంతం కట్టి దించి, ట్యాంకును ఎడమకి వాలిస్తే టక్కుమని అతుక్కుంది.

నా ట్యాంకుకి పది లీటర్ల నీళ్లు పట్టినాయి. చెయ్యి పెట్టగలిగినంత వేడినీళ్లలో ముక్కాల్ కిలో నిమ్మ ఉప్పు కరిగించి అంచు దాకా పోసినాను. మూత బిగించొద్దు, లోపల బుడగలు లేస్తాయి, ఆ గాలి మండేది. రాత్రంతా ఉంచితే పొద్దునకి నీళ్లు పచ్చటి బురద రంగుకి తిరుగుతాయి. లోపల బూడిద రంగు రేకు కనిపిస్తే చాలు, అవసరానికి మించి నానబెట్టొద్దు.

ఇక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది. మొదటిసారి నేను రాత్రి తొమ్మిదింటికి కడిగి, ట్యాంకును మిద్దె మీద బోర్లించి పడుకున్నాను. తెల్లారి చూస్తే గోడలంతా పసుపునీళ్లు చల్లినట్టు కొత్త తుప్పు. పొర ఊడిన ఇనుము చర్మం ఒలిచిన మనిషి లాంటిది, తడి గాలి తగిలితే గంటలోనే ఎర్రబడుతుంది. రెండు రోజుల శ్రమ పోయిందని ఆ పొద్దు నాకు అన్నం దిగలేదు. "ఏమిరా అబ్బయ్యా, పాత్రలు తోమినాక గుడ్డతో తుడవకుండా వదిలేస్తామా?" అనింది అమ్మ. మళ్లీ నిమ్మ ఉప్పు పోసి, ఈసారి పొద్దున పదింటికి ఎండలో మొదలుపెట్టినాను.

పులుపు నీళ్లు వంచిన మరుక్షణం, ముందే కలిపి పెట్టుకున్న సోడా ఉప్పు నీళ్లు పోయాలి, పది లీటర్లకి వంద గ్రాములు. నురగ వస్తుంది కాబట్టి మూతి తెరిచే ఉంచండి. తర్వాత బాగా కాగిన నీళ్లతో ఒక్కసారి తొలవండి, రేకు వేడెక్కితే తడి తానే ఆవిరైపోతుంది. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకొని అటూ ఇటూ తిప్పి వంచండి, మూపురానికి రెండు పక్కలా నీళ్లు నిలుస్తాయి. వెంటనే మూతిలో హెయిర్ డ్రయర్ పెట్టి, కాక్ బెజ్జం గుండా వేడిగాలి బయటికి వచ్చేటట్టు అరగంట ఊదండి. అక్కడ అద్దం ముక్క పెడితే మసక పట్టకూడదు.

డ్రయర్ దూరంగా తీసేసి, ట్యాంకు పూర్తిగా చల్లారినాక అర లీటరు పెట్రోలులో వంద మిల్లీ టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకి పెట్రోలులో కలిపే నూనె) కలిపి పోసి అన్ని మూలలకీ తిప్పాలి. అదే రోజు కొత్త రబ్బరు వేసి అంచు దాకా పెట్రోలు పోయించినాను. అతుకుల దగ్గర చెమ్మ కనిపిస్తే ఇంట్లో వెల్డింగ్ జోలికి పోవద్దు, ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

పెట్రోలు పైపు మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టి, నెలపాటు వారానికోసారి కార్బరేటర్ గిన్నె విప్పి చూసినాను. మొదటి వారం చిటికెడు ఎర్రపొడి, రెండో వారం అందులో సగం. నాలుగో వారం ఏమీ లేదు. ఆ ఆదివారం అమ్మను వెనక కూర్చోబెట్టుకొని తిరుచానూరు పోయొచ్చినాను.