బరువు తగ్గే ఆపరేషన్ అయిన గర్భిణులు షుగర్ పరీక్షకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

తిరుపతిలో ఏ ఆసుపత్రిలో చూపించుకుంటున్నా, గర్భిణులకు మామూలుగా ఇచ్చే 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగకముందే, తమకు గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు దారి మళ్లించే ఆపరేషన్) గానీ స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్) గానీ జరిగిందని డాక్టరుకు తప్పక చెప్పి, ఆపరేషన్ కాగితాలు చూపించాలి. ఆ తీపి నీరు ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు. ఆపైన ఇన్సులిన్ అధికంగా విడుదలై, ఒకటి నుంచి మూడు గంటల్లో చక్కెర బాగా పడిపోయి కళ్లు తిరగవచ్చు. ముఖ్యంగా బైపాస్ అయినవారు ఈ మాట దాచకూడదు.

దానికి బదులు 24–28 వారాల మధ్య సుమారు వారం రోజులు ఇంట్లోనే గ్లూకోమీటరుతో పరగడుపున, భోజనం తర్వాత చక్కెర చూసుకోవచ్చేమో అడగాలి. సాధారణంగా పరగడుపున 95, తిన్న గంటకు 140 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు. వేలు గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి; లడ్డూ ప్రసాదం ముట్టిన వేలు అంకెను లేనిపోని విధంగా పెంచి చూపుతుంది.

రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

రాగి సంగటి తినవచ్చు గానీ, ముద్ద చిన్నదిగా ఉండాలి, పక్కన పప్పో గుడ్డో తప్పనిసరిగా ఉండాలి. మొక్కు ఉన్నా సరే, పరగడుపున అలిపిరి మెట్లు ఎక్కడం ఈ నెలల్లో వద్దనే నా గట్టి అభిప్రాయం.