లండన్‌లో చదువుకుంటూ ఒక రోజు బ్రైటన్ సముద్రం దగ్గర హాయిగా గడపడం ఎలా?

క్లాసులు, అసైన్‌మెంట్లు, వారానికి 20 గంటల పార్ట్‌టైం మధ్య ఒక రోజు ఖాళీ దొరికితే మనవాళ్లు చేసే మొదటి పని, ఆ రోజుని ఆరు ప్లేసులతో నింపేయడం. "ఇది కవర్ చేద్దాం, అది కూడా కవర్ చేద్దాం మామా" అంటూ పరుగెత్తి, ఇంటికొచ్చాక కాళ్లకి జండూబామ్ రాసుకోవడం. మా బ్యాచ్ మొదటి బ్రైటన్ ట్రిప్పు అచ్చం అలాగే జరిగింది. రెండోసారి వెళ్లినప్పుడు చేసింది మూడే పనులు: తిన్నాం, పడుకున్నాం, సముద్రాన్ని చూశాం. ఈ రెండో రకం ట్రిప్పు ఎలాగో చెప్తాను.

1. ముందు తేదీ, తర్వాతే మనుషులు

"అందరికీ ఎప్పుడు కుదిరితే అప్పుడు వెళ్దాం" అని వాట్సాప్ గ్రూపులో పెడితే కాన్వొకేషన్ వచ్చినా వెళ్లరు. షిఫ్టుల రోటా చూసుకుని మీరే ఒక తేదీ ప్రకటించండి, వచ్చేవాళ్లు వస్తారు. నలుగురైదుగురు చాలు. ఎనిమిది మంది దాటితే టాయ్‌లెట్ల దగ్గర ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంతోనే సాయంత్రమైపోతుంది.

మే నెలాఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా మంచి కాలం. అందులోనూ మంగళవారం, బుధవారం లాంటి రోజైతే బీచ్ ఖాళీగా ఉంటుంది. బ్యాంక్ హాలిడే, అంటే ఇక్కడి ప్రభుత్వ సెలవు రోజు జోలికి మాత్రం వెళ్లొద్దు. మేం మొదటిసారి వెళ్లింది ఆగస్టు బ్యాంక్ హాలిడే సోమవారం. పట్టాల మరమ్మతులని సగం దారిలో దింపి బస్సెక్కించారు, చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. అప్పట్నుంచి ముందు రోజు రాత్రి నేషనల్ రైల్ సైట్లో రైళ్లు చూసుకోకుండా పడుకోను.

2. టికెట్ దగ్గర తెలివిగా

లండన్ నుంచి బ్రైటన్‌కి రైల్లో సుమారు గంట, గంటంబావు. విక్టోరియా నుంచి వెళ్లొచ్చు. థేమ్స్‌లింక్ రైళ్లు సెయింట్ పాంక్రస్, బ్లాక్‌ఫ్రైయర్స్, లండన్ బ్రిడ్జ్ మీదుగా వెళ్తాయి. ఈస్ట్ హామ్ వైపు ఉండేవాళ్లు డిస్ట్రిక్ట్ లైన్‌లో నేరుగా బ్లాక్‌ఫ్రైయర్స్‌లో దిగి, అక్కడే రైలు మారితే సరిపోతుంది. లండన్ బస్సులు, రైళ్లలో వాడే ఆయిస్టర్ కార్డు బ్రైటన్ దాకా చెల్లదు, టికెట్ కొనాల్సిందే.

16-25 ఏళ్లవాళ్లకిచ్చే రైల్‌కార్డుతో చార్జీలో మూడో వంతు తగ్గుతుంది. 26 దాటినా ఫుల్‌టైం విద్యార్థులైతే ఆ కార్డుకే అప్లై చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక మనవాళ్లు చాలామంది పూర్తి చార్జీ పెడుతున్నారు. కార్డు లేకపోతే గ్రూప్‌సేవ్ ఉంది: ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి రద్దీ లేని వేళల్లో వెళ్తే అదే మూడో వంతు తగ్గింపు. రెండూ కలిపి వాడటం కుదరదు.

3. మూట కట్టుకోవడం

చింతపండు పులిహోర ముందు రోజు రాత్రే కలిపేయండి, పొద్దున్నకి పులుపు అన్నానికి బాగా పడుతుంది. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి తోడు వేస్తే మధ్యాహ్నానికి పుల్లబడదు. ఒక చిన్న డబ్బాలో ఆవకాయ. అక్కడి ఫిష్ అండ్ చిప్స్ తినొద్దని కాదు, ఒక ప్లేటు తెచ్చుకుని అందరూ రుచి చూడండి. కడుపు నింపే బాధ్యత పులిహోరదే.

బ్రైటన్‌లో ఇసుక లేదు. బీచ్ అంతా గులకరాళ్లే. పల్చటి తువ్వాలు మీద పడుకుంటే వీపు మీద రాళ్ల లెక్క చెప్పొచ్చు. అందుకే ఇంట్లో ఉన్న దళసరి దుప్పటి తీసుకెళ్లండి. తడిసినా పర్వాలేదనుకునే చెప్పులు, జులైలో కూడా ఒక జాకెట్ ఉండాలి. ఎండ మండుతున్నా గాలి మాత్రం చలిగాలే.

4. ఎక్కడ కూర్చోవాలి

స్టేషన్ బయటికొచ్చి క్వీన్స్ రోడ్డు పట్టుకుని నేరుగా దిగిపోండి. మ్యాప్ అక్కర్లేదు, రోడ్డు చివర సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. పావుగంట నడక. ఎడమ వైపు 1899లో తెరిచిన ప్యాలెస్ పియర్ (సముద్రంలోకి వంతెనలా కట్టిన కట్టడం), దాని మీద ఆటల రైడ్లు, గోల. కుడి వైపు నీళ్లలో ఇనుప అస్థిపంజరంలా నిలబడింది పాత వెస్ట్ పియర్. 1975లో మూతపడి, 2003లో తగలబడగా మిగిలింది అదే. హాయి కావాలంటే కుడికి తిరిగి, దాన్ని కూడా దాటి పక్క ఊరు హోవ్ వైపు నడవండి. జనం పల్చబడిన చోట దుప్పటి పరవండి.

సీగల్స్‌ని తక్కువ అంచనా వేయొద్దు. మా వాడొకడు అప్పడం ముక్క నోటి దాకా తెచ్చి కబుర్లలో ఆగాడు. వెనక నుంచి రెక్కల చప్పుడు, చెంపకి తగిలిన గాలి, అంతే. చేతిలో అప్పడం లేదు, వేలికి నూనె మిగిలింది. "రేయ్, అది ఎటు పోయిందిరా?" అని ఆకాశంలోకి చూస్తుంటే ఇంకోటి చిప్స్ ప్లేటు మీదకి దిగింది. డబ్బాలు మూతపెట్టే ఉంచండి, గోడకి వీపు ఆనించి తినండి.

5. నీళ్లలోకి దిగేటప్పుడు

ఈ ఒక్క దగ్గర సరదా పక్కన పెట్టండి. విశాఖ ఆర్‌కే బీచ్‌లో మోకాళ్ల లోతే కదా అనుకున్నవాళ్లని అలలు ఎలా లాగేస్తాయో మనం ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. బ్రైటన్‌లో అల చిన్నగా కనిపించినా ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. నాలుగడుగులు వేసేలోపే నడుము లోతు వస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు కాళ్ల కింద రాళ్లు జారిపోతాయి.

ఇక చలి. నిండు వేసవిలో కూడా నీళ్లు 17, 18 డిగ్రీలు దాటడం తక్కువ. ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుపోయి నోట్లోకి నీళ్లు పోతాయి. ఈత బాగా వచ్చినవాళ్లు మునిగేది కూడా ఇలాగే. మెల్లగా దిగండి, ఒళ్లు అలవాటు పడనివ్వండి.

సగం ఎరుపు, సగం పసుపు రంగు జెండాలు రెండు కనిపిస్తే వాటి మధ్యే దిగాలి, అక్కడ లైఫ్‌గార్డులు ఉన్నట్టు. పూర్తి ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. పొరపాటున లోపలికి కొట్టుకుపోతే అలతో పోట్లాడకుండా, తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో ఉండేలా వెల్లకిలా తేలండి. ఊపిరి కుదుటపడ్డాకే చెయ్యెత్తి పిలవండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకే దూకొద్దు, 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ని అడగండి. బీరు తాగినవాళ్లు ఆ రోజుకి ఒడ్డునే.

6. సాయంత్రం ఒక్క చోటు చాలు

స్టేషన్‌కి తిరిగి వెళ్తూ రాయల్ పెవిలియన్ తోటలో అరగంట కూర్చోండి. నాలుగో జార్జి సరదాకి కట్టించుకున్న ఈ భవనం గుమ్మటాలు చూస్తే మన నవాబుల కోటలా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికులకి 1914 చివర్లో దీన్నే ఆసుపత్రిగా మార్చారు. మతాన్ని, కులాన్ని బట్టి వేర్వేరు వంటశాలలు పెట్టారు. దక్షిణం వైపు గేటు 1921లో భారతదేశం తరఫున ఇచ్చిన కానుక. ఇంత దూరం వచ్చి ఆ గేటు చూడకుండా సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు కొంచెం బాధేస్తుంది.

సెవెన్ సిస్టర్స్ తెల్ల కొండలు ఇదే రోజు పెట్టుకోవద్దు. అది నడక ట్రిప్పు, దానికి వేరే రోజు కావాలి.

7. తిరుగు ప్రయాణం

జూన్‌లో తొమ్మిది దాటాక గానీ పొద్దు కుంకదు, కాబట్టి ఎనిమిదిన్నర రైలు కోసం హడావిడి పడక్కర్లేదు. ఖర్చుల లెక్కలు మాత్రం రైల్లోనే తేల్చి, ఎవరి వాటా ఎంతో చూపే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఎక్కించండి. ఇంటికొచ్చాక ఎవరూ అడగలేరు, ఎవరూ గుర్తుచేసుకోరు. ఇంకోటి, పొద్దున బయలుదేరే ముందే టమాటా రసం కాచి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. రాత్రి పదకొండింటికి తలుపు తీయగానే ఎవరో ఒకరు "అన్నం పెట్టమంటావా?" అంటారు.