ఇంగ్లాండ్ పల్లెల్లోని పాత రాతి ఫార్మ్‌హౌస్‌ను పరిశీలించే పద్ధతి

యార్క్‌షైర్ డేల్స్‌లోనో, కాట్స్‌వోల్డ్స్‌లోనో ఒక పాత రాతి ఫార్మ్‌హౌస్ ముందు నిలబడినప్పుడు చూపు ముందుగా గుమ్మం పైరాతి మీద చెక్కిన సంవత్సరం మీదికే పోతుంది. ఆ అంకెను బట్టి ఇంటి వయసును వెంటనే నిర్ణయించకండి. అది ఇల్లు కట్టిన ఏడాది కావచ్చు, పాత ఇంటికి కొత్త గుమ్మం పెట్టించిన ఏడాదైనా కావచ్చు. ఇంటి చరిత్ర గోడల అతుకుల్లో ఉంటుంది గనుక పరిశీలనను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఎండ ఏటవాలుగా పడే వేళ ఇంటి చుట్టూ నిదానంగా తిరగండి. రాళ్ల వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ ఉండగా, ఒకచోట నేల నుంచి చూరు దాకా నిట్టనిలువు గీత కనిపిస్తే, అక్కడ రెండు కాలాల కట్టడాలు ఆనుకున్నాయని భావించవచ్చు. ఆ గీతకు ఏ పక్కన పెద్ద మూలరాళ్లు ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా మారుతూ పేర్చి ఉన్నాయో ఆ పక్కదే సాధారణంగా పాత భాగం. ఒకప్పుడు ఇల్లు అక్కడితో ముగిసిందన్నమాట. బయటి గోడ మీద నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే ఆధారం ఇదే.

తరువాత కిటికీలను చూడాలి. నిలువు రాతి కమ్ములతో, పైన వాననీటిని పక్కకు మళ్లించే రాతి అంచుతో ఉన్న వెడల్పాటి పొట్టి కిటికీలు ఎక్కువగా 17వ శతాబ్దానికి చెందినవి. పైకీ కిందికీ జరిగే ఎత్తైన తలుపుల కిటికీలు తరువాతి కాలానివి. రాళ్లతో పూడ్చి మూసివేసిన కిటికీ కనబడగానే, ఇంటికున్న కిటికీల సంఖ్యను బట్టి వేస్తూ 1696 నుంచి 1851 వరకు అమలులో ఉన్న కిటికీ పన్నే కారణమనుకోవడం తొందరపాటు. లోపలి గదులను మార్చినప్పుడు కూడా కిటికీలను మూసేవారు. రాతిపలకల పైకప్పు మీద చూరు దగ్గర పెద్ద పలకలు, కొప్పుకు పోయేకొద్దీ చిన్నవి ఉన్నాయేమో కూడా గమనించండి.

ఇంటి లోపల ముందు వెనుక తలుపులు ఎదురెదురుగా ఉంటే, వాటి మధ్య దారి పాత అమరికను తెలుపుతుంది. దానికి ఒక పక్కన పెద్ద పొయ్యి ఉన్న ప్రధాన గది ఉంటుంది. నైరుతి ఇంగ్లాండ్‌లోని డార్ట్‌మూర్ ప్రాంతపు లాంగ్‌హౌస్‌లలో, అంటే మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండే పొడవాటి ఇళ్లలో, రెండో పక్కన పశువులశాల ఉండేది; మురుగు ఇంటిలోకి రాకుండా దానిని వాలు దిక్కున కట్టేవారు. అటకలోని పాత దూలాలకు మసి పట్టి ఉంటే, పొగగొట్టం లేని కాలంలో గది మధ్య నేల మీదే మంట వెలిగించి ఉండవచ్చు. గోడల మందాన్ని కొలవడం మరవకండి, ఎందుకంటే బయటి గోడంత మందంగా ఉన్న లోపలి గోడ ఒకప్పుడు బయటి గోడే అయి ఉండవచ్చు.

పరిశీలన కోసం గోడల గచ్చును గీకకూడదు. రక్షిత జాబితాలోని భవనం స్వరూపం మారేలా అనుమతి లేకుండా పని చేయడం అక్కడ నేరం. పాత గోడలు సున్నపు గచ్చు ద్వారా తేమను వదులుతాయి. సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే నిలిచి రాయి పొరలుగా రాలిపోతుంది. అలా సిమెంటు పూసిన గోడలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

గమనించినవన్నీ నేలపటం మీద కాలాలవారీగా వేర్వేరు రంగుల్లో గుర్తించాక, గుమ్మం మీది సంవత్సరం దగ్గరికి తిరిగి వచ్చి, అది వాటిలో ఏ రంగు భాగంలో ఉందో చూడండి.