కొండ ఊరి పాత మోటెల్ చరిత్రను వెతకడం ఎలా

కొలరాడోలోని ఎస్టెస్ పార్క్‌లో, ఫాల్ రివర్ ఒడ్డున మేము ఏటా వేసవిలో దిగే మోటెల్ ఒకటి ఉంది. ఎల్ ఆకారంలో పద్దెనిమిది గదులు, ముందు కంకర పరిచిన ఆవరణ, వెనక ఏటి చప్పుడు. యజమానురాలు వద్దన్నారు కాబట్టి పేరు రాయను. నాలుగేళ్ల కిందట ఆవిడ, "దీన్ని ఎవరు కట్టారో నాకూ తెలియదండీ" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. ఈరోజు ఏ గది ఎప్పటిదో ఒక్కొక్కటిగా చెప్పగలను. అలాంటి మోటెల్ మీకూ ఒకటి ఉంటే, ఇలా మొదలుపెట్టండి.

ముందుగా, పేరు పట్టుకుని వెతకవద్దు. నేను ఒక వేసవి మొత్తం అలాగే పోగొట్టుకున్నాను. మోటెల్ చేతులు మారినప్పుడల్లా బోర్డు మారుతుంది. 'కోర్ట్' (కార్లలో వచ్చేవారు దిగే చోటుకు అప్పటి పేరు) అనేది 'లాడ్జ్' అవుతుంది, ఆ తర్వాత 'మోటెల్', ఆ తర్వాత 'ఇన్'. నేల మాత్రం అక్కడే ఉంటుంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) పన్ను రికార్డుల్లో ఆ స్థలం పార్సెల్ నంబరు, అంటే ఆ స్థలానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, లాటు, బ్లాకు వివరాలు రాసుకోండి. అక్కడ కనిపించే 'కట్టిన సంవత్సరం' దగ్గర ఆగిపోవద్దు. భవనం మొత్తానికి ఒకే అంకె ఇస్తారు, మోటెల్ మాత్రం ఒక్కసారిగా లేచేది కాదు.

తర్వాత దస్తావేజులు. ఎస్టెస్ పార్క్ లారిమర్ కౌంటీలో ఉంది కాబట్టి నేను ఫోర్ట్ కాలిన్స్ వెళ్లాను. ఇప్పటి యజమాని పేరుతో మొదలుపెట్టి, వారికి ఎవరు అమ్మారు, అమ్మినవారికి ఎవరు అమ్మారు అంటూ లింకు దస్తావేజులను ఒక్కొక్కటే వెనక్కి చూసుకుంటూ వెళ్లాలి. అమ్మినవారి పట్టిక వేరు, కొన్నవారి పట్టిక వేరు. రెండూ చూడండి, ఒకదాంట్లో తప్పిపోయినది రెండోదాంట్లో దొరుకుతుంది.

పాత దస్తావేజుల్లో చాలాసార్లు అసలు ధర ఉండదు. 'పది డాలర్లు, ఇతర ప్రతిఫలం' అని రాసి వదిలేస్తారు. దానికో దారి ఉంది. 1940 నుంచి 1967 వరకు అమ్మకం దస్తావేజు మీద ఫెడరల్ రెవెన్యూ స్టాంపులు అంటించేవారు, ప్రతి 500 డాలర్లకు 55 సెంట్ల చొప్పున. మా మోటెల్ స్థలానికి 1946లో 3 డాలర్ల 30 సెంట్ల స్టాంపులు ఉన్నాయి, అంటే సుమారు 3,000 డాలర్లు. 1953లో మళ్లీ అమ్మినప్పుడు 24 డాలర్ల 20 సెంట్లు, అంటే సుమారు 22,000. ఖాళీ స్థలం కొని, ఏడేళ్లలో కట్టి అమ్మారని ఆ రెండు అంకెలే చెప్పాయి. ఒక జాగ్రత్త: కొన్నవారు పాత తనఖా అప్పును తమ మీద వేసుకుంటే ఆ భాగానికి స్టాంపులు ఉండవు, కాబట్టి అసలు ధర ఇంకా ఎక్కువ కావచ్చు. తనఖా పత్రాలు కూడా అడిగి చూడండి. పెద్ద అప్పు తీసుకున్న తేదీ సాధారణంగా పునాది తవ్విన తేదీకి దగ్గరగా ఉంటుంది.

1946 అనేది ఊరికే వచ్చిన సంవత్సరం కాదు. యుద్ధకాలపు పెట్రోలు రేషన్ 1945 ఆగస్టులో ఎత్తేశారు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు మీదుగా వెళ్లే ట్రయల్ రిడ్జ్ రోడ్డు 1932 నుంచే ఉంది. కార్లు మళ్లీ కొండెక్కడం మొదలైంది, రాత్రికి వాటికి చోటు కావాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి పోస్టుకార్డులు. పాత వస్తువుల దుకాణాల్లో మోటెల్ పేరుతో కాకుండా ఊరి పేరుతో అడగండి. షికాగోలోని కర్ట్ టైక్ కంపెనీ కార్డయితే దాని మీద చిన్న నంబరు ఉంటుంది. మొదటి అంకె సంవత్సరం, పక్క అక్షరం దశాబ్దం: 'ఏ' అయితే 1930లు, 'బీ' 1940లు, 'సీ' 1950లు. నాకు దొరికిన కార్డు మీద '9బీ' ఉంది, అంటే 1949. పోస్టు ముద్రను నమ్ముకోవద్దు, అదే కార్డును ఆఫీసులో ఏళ్ల తరబడి ఇచ్చేవారు. చిరునామాలో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే 1963 జులై తర్వాత అచ్చయినదే.

ఆ కార్డును చేత్తో పట్టుకుని ఆవరణలో నిలబడ్డాను. బొమ్మలో ఉన్నవి విడివిడి కాటేజీలు, రెండింటి మధ్య కారు నిలిపే చోటు, దాని మీద చిన్న కప్పు. ఇప్పుడు అక్కడ 3, 5, 7 నంబర్ల గదులు ఉన్నాయి. కార్లు పెట్టే ఖాళీలకు ముందూ వెనకా గోడలు కట్టేశారు! 5వ గది గోడ మీద వేలు పెట్టి రాస్తే సిమెంటు దిమ్మెల అతుకు నిలువుగా పైదాకా తగులుతుంది. పైన ఎన్నిసార్లు రంగు వేసినా అది దాగలేదు.

గదుల్లో ఇంకో పని, యజమాని అనుమతితో. ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి అడుగువైపు చూడండి. చాలా కంపెనీలు తయారీ తేదీని పింగాణీలోనే అచ్చు వేసేవి. నేను టార్చి వేసి పద్దెనిమిదీ చూశాను. ఏటివైపు వరుసలో అన్నీ 1982 సెప్టెంబరువి, మెరకవైపు వరుసలో 1950ల నాటివి. ఒకే వరుసలో ఒకే నెల ఎందుకు? 1982 జులై 15న పార్కులో పైనున్న లాన్ లేక్ ఆనకట్ట తెగి, ఆ నీరు ఫాల్ రివర్ వెంట ఊరి నడిబొడ్డులోకి వచ్చింది, ముగ్గురు చనిపోయారు. గదులు బాగుచేయించినవారు ఎక్కడా రాసి పెట్టలేదు, ట్యాంకుల మూతలు మాత్రం తేదీని దాచి ఉంచాయి.

ఎవరికి గది ఇచ్చారు అన్నదీ చరిత్రే. నల్లజాతి ప్రయాణికుల కోసం విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో మొదలుపెట్టిన గ్రీన్ బుక్ (వాళ్లను రానిచ్చే వసతులు, దుకాణాల జాబితా) సంచికలను న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఆన్‌లైన్‌లో ఉంచింది, మీ ఊరు ఉందో లేదో చూడండి. వసతి గృహాల్లో జాతి వివక్షను దేశమంతటా నిషేధించిన పౌరహక్కుల చట్టం 1964లో గానీ రాలేదు. మా నాన్నగారి వయసువాళ్లు 1950లో ఆ తలుపు తడితే ఏం జరిగేదో అని ఆ పుటలు తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాను.

మనుషులతో మాట్లాడటం చివరికి ఉంచుకోండి. కాగితాలు చేతిలో ఉంటేనే వాళ్ల జ్ఞాపకం కదులుతుంది. ఒకప్పుడు ఆ గదులు ఊడ్చిన పెద్దావిడను "పాత రోజులు చెప్పండి" అని అడిగితే రెండు మాటల్లో ముగించారు. 1949 కార్డు చూపించి "ఈ కారు ఆగిన చోట ఇప్పుడేముంది?" అన్నాను. గంటన్నర చెప్పారు.

దొరికిన ప్రతి కాగితం నకలు ఊరి మ్యూజియానికి ఒకటి ఇవ్వండి. ఫొటోల వెనక తేదీ, పార్సెల్ నంబరు, ఎటువైపు నిలబడి తీశారో రాయండి, మెత్తటి పెన్సిల్‌తోనే. పెన్ను సిరా కొన్నాళ్లకు ముందువైపుకు దిగుతుంది.