పుట్టినరోజు ఫొటో, కుడి చెంప సంగతి

రోజూ అద్దంలో చూసుకునే ముఖం మారినట్టే అనిపించదు. ఆధార్ కార్డు మీది పాత ఫొటో చూశాకే నా కనురెప్పలు ఎంత వాలాయో తెలిసింది. అందుకే ఏటా పుట్టినరోజున, అదే కిటికీ దగ్గర, పొద్దున అదే వేళకి ఫొటో తీయించుకుంటున్నాను. ఫిల్టర్ వద్దు, నవ్వొద్దు. సెల్ఫీ అసలే వద్దు; మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా పడి, లేనిపోని టెన్షన్. ఎవరినైనా ఐదారు అడుగుల దూరంలో నిలబెట్టి, ఎదురుగా ఒకటి, పక్కల నుంచి చెరొకటి తీయమనండి.

పక్కలవి ఎందుకంటే, నా కుడి కంటి చివర గీతలు ఎడమవైపు కంటే లోతుగా ఉన్నాయి. గాజువాక నుంచి సిరిపురం దాకా ఏళ్లుగా కారులో తిరుగుతున్నా. స్టీరింగ్ కుడివైపు, పొద్దున వెళ్లేటప్పుడూ, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎండ ఆ చెంపకే. అద్దాలు మూసి ఏసీ వేశాం కదా అనుకునేవాణ్ణి. ముడతలు తెచ్చే యూవీఏ కిరణాలు మామూలు గాజులోంచి దూరి వచ్చేస్తాయట! ఇప్పుడు తాళాలు తీసుకునే ముందే సన్‌స్క్రీన్, చెవి పక్కదాకా.

పుట్టుమచ్చ పెరిగినట్టో రంగు మారినట్టో అనిపిస్తే, చర్మ డాక్టరుకి ఈ ఫొటోలే చూపించొచ్చు.