సోల్డరింగ్ ఐరన్‌కు సరిపోయే స్టాండ్ ఎలా ఎంచుకోవాలి?

పని మధ్యలో ఐరన్‌ను లెడ్ (అతకడానికి కరిగించే సోల్డర్ తీగ) చుట్టకో, ఇటుక ముక్కకో ఆనించి పెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. అప్పటికి బిట్ (ఐరన్ కొనన వేడెక్కే లోహపు ముక్క) వేడి 350 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. వైరు కాస్త లాగితే ఐరన్ దొర్లి ఒళ్లోనైనా పడుతుంది, తన కరెంటు వైరు మీదైనా వాలుతుంది. పీవీసీ తొడుగు కరిగిందంటే లోపల 230 వోల్టులు పారే రాగి తీగ బయటపడినట్టే. అందుకే ఐరన్ కొన్న రోజే స్టాండ్ కూడా కొనండి.

1. ముందు ఐరన్‌ను కొలవండి

ప్లగ్ తీసి, ఐరన్ పూర్తిగా చల్లారాక కొలవండి. రెండు కొలతలు చాలు: బిట్ వెనకాల ఉండే లోహపు గొట్టం లావు, పిడి అంచు నుంచి బిట్ మొన దాకా పొడవు. వెర్నియర్ (లావు కొలిచే పరికరం) లేకపోతే గొట్టం చుట్టూ కాగితం పట్టీ చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. పట్టీ 38 మిల్లీమీటర్లు వస్తే గొట్టం లావు సుమారు 12.

2. స్ప్రింగ్‌లో ఐరన్ ఎలా కూర్చుంటుందో చూడండి

స్టాండ్ మంచిదో కాదో తేలేది ఇక్కడే. స్ప్రింగ్ (స్టాండ్‌లో ఐరన్‌ను దూర్చి పెట్టే తీగ చుట్టలు) లోపలి వెడల్పు గొట్టం లావు కన్నా 3, 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. బిగుతుగా ఉంటే ఐరన్ తీసిన ప్రతిసారీ స్టాండ్ కూడా వెంట వస్తుంది. మరీ వదులైతే పిడి లోపలికి జారి, ప్లాస్టిక్ వేడి చుట్టలకు తగిలి కమురుతుంది. పిడి ముందున్న అంచు స్ప్రింగ్ నోటి దగ్గరే ఆగాలి.

బిట్ మొన దేనికీ తగలకూడదు. చుట్టూ ఓ సెంటీమీటరు ఖాళీ ఉంటే మంచిది. స్ప్రింగ్‌కు గానీ అడుగు రేకుకు గానీ తగిలితే వేడంతా అటే పోతుంది. మళ్లీ చేతిలోకి తీసుకునేసరికి బిట్ చల్లబడి, లెడ్ సరిగా పారక ముద్దలా అంటుకుంటుంది. చాలామంది ఐరన్ పాడైందనుకుంటారు, తప్పు స్టాండ్‌దని తట్టదు. కాబట్టి షాపుకు ఐరన్ వెంట తీసుకెళ్లి, స్టాండ్‌లో పెట్టి, పక్క నుంచి చుట్టల మధ్యలోకి చూడండి.

3. బరువు పరీక్షించండి

ఐరన్ పెట్టిన స్టాండ్‌ను బల్ల అంచు దగ్గర ఉంచి, వైరును కిందికి వేలాడనిచ్చి మెల్లగా లాగండి. స్టాండ్ ఒక పక్క లేచిందంటే వద్దు. 25 వాట్ల ఐరన్‌కు రేకు స్టాండ్ సరిపోవచ్చు. 60 వాట్లవి పొడవు, బరువు కాబట్టి పోత ఇనుప అడుగు కావాలి. ఇంట్లో ఉన్నది తేలికదే అయితే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద, తొమ్మిది అంగుళాలకు ఆరు, రెండు స్క్రూలతో బిగించండి. ప్లాస్టిక్ అడుగు ఉన్నవి మాత్రం కొనకండి.

స్ప్రింగ్ సుమారు 45 డిగ్రీల వాలులో, పిడి మీ చేతి వైపు ఉండాలి. కుడిచేతి వాటమైతే స్టాండ్ కుడి పక్కనే పెట్టుకోండి, వైరు మీ ముందు నుంచి అడ్డంగా పోకూడదు.

4. బిట్ తుడిచే ఏర్పాటు

స్టాండ్‌తో వచ్చే పలుచని స్పాంజి తడిపితే ఉబ్బుతుంది. దాని బదులు పరుపు ఫోమ్ ముక్క వాడితే అది కరిగి బిట్‌కు అతుక్కుంటుంది. స్పాంజిని తడిపి, నీళ్లు కారకుండా పిండండి. బోరు నీళ్లలోని ఉప్పు బిట్ మీద పేరుకుంటుంది, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ మేలు.

ఇత్తడి పీచు ఉన్న స్టాండ్ ఇంకా నయం, బిట్ అంతగా చల్లబడదు. కానీ కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి: అంటుకుంటే అది ఇత్తడి రంగు పూసిన ఉక్కు. ఉక్కు పీచు గానీ గిన్నెలు తోమే స్టీలు స్క్రబ్బర్ గానీ బిట్ మీది ఇనుప పూతను గీకేస్తుంది. పూత పోయిన చోట లోపలి రాగి లెడ్‌లో కరుగుతూ గుంటపడుతుంది. (పూత లేని ఉత్త రాగి బిట్ అయితే ఆకురాయితో మళ్లీ మొన తేర్చుకోవచ్చు.)

5. పని అయ్యాక

స్విచ్ ఆపే ముందు బిట్‌కు కొత్త లెడ్ కాస్త పట్టించి స్టాండ్‌లో పెట్టండి, మొన నల్లబడదు. ఆపిన వెంటనే డబ్బాలో సర్దకండి. కనీసం పావుగంట స్టాండ్‌లోనే వదిలేయండి, స్ప్రింగ్‌ను కూడా ముట్టుకోవద్దు.