మొక్కల కార్డును లారీ గడిలోకి లాగాలంటే

కడియపులంకలో మా పెదనాన్నగారి నర్సరీకి, ఏ మొక్కలు ఏ లారీలో ఎక్కించాలో చూసుకునే వెబ్ పేజీ నేనే తయారుచేశాను. ఎడమవైపు మొక్కల కార్డులు, కుడివైపు లారీల గడులు. మందార కార్డును పట్టుకుని విజయవాడ లారీ గడిలో వదిలితే లోడు కుదిరినట్టే.

ముందు పేజీ హెచ్‌టీఎంఎల్‌లో కార్డుకు డ్రాగబుల్ (draggable) యాట్రిబ్యూట్ ఇచ్చి, విలువ ట్రూ అని రాయండి. యాట్రిబ్యూట్ పేరు ఒక్కటే రాస్తే కార్డు కదలదు. లాగడం మొదలవగానే డ్రాగ్‌స్టార్ట్ ఈవెంట్, అంటే బ్రౌజరు మన కోడుకు పంపే కబురు, వస్తుంది. లాగేటప్పుడు సమాచారం మోసే డేటాట్రాన్స్‌ఫర్‌లోని సెట్‌డేటాతో కార్డు ఐడీని అక్కడే భద్రపరచండి.

అసలు పట్టు గడి దగ్గర ఉంది. మీరు ఒప్పుకుంటేనే తప్ప బ్రౌజరు మామూలు గడిలో దేన్నీ దింపనివ్వదు. ఆ ఒప్పుకోలు అంటే, కార్డు గడి మీద ఉన్నంతసేపూ వచ్చే డ్రాగ్‌ఓవర్ ఈవెంట్‌లో, బ్రౌజరు మామూలుగా చేసేదాన్ని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్ పిలవడమే. అది లేకపోతే కార్డును వదిలినప్పుడు రావాల్సిన డ్రాప్ ఈవెంటే రాదు, బ్రౌజరు తప్పులు చూపించే కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా కనిపించదు. కొత్తవాళ్లు గంటల తరబడి డ్రాప్ కోడును తిరగేసేది ఇందుకే. కార్డును కదపకుండా పట్టుకున్నా డ్రాగ్‌ఓవర్ వస్తూనే ఉంటుంది కాబట్టి అందులో బరువైన పని పెట్టకండి. భద్రపరచిన ఐడీని తిరిగి తీసే గెట్‌డేటా కూడా అక్కడ ఖాళీగానే వస్తుంది, డ్రాప్‌లోనే విలువ అందుతుంది. లారీ నిండిందో లేదో ముందే చూడాలంటే, డ్రాగ్‌స్టార్ట్‌లోనే ఐడీని మీ సొంత వేరియబుల్‌లో కూడా ఉంచుకోండి.

గడి రంగు మార్చి చూపిస్తుంటే మరో చిక్కు. గడిలో ఉన్న లారీ నంబరు మీదికి కార్డు వెళ్లినా, గడిని వదిలి వెళ్లినట్టు చెప్పే డ్రాగ్‌లీవ్ ఈవెంట్ వచ్చి రంగు మిణుకుమిణుకుమంటుంది. కార్డు దేని మీదికి వెళ్లిందో చెప్పే రిలేటెడ్‌టార్గెట్ ఆ గడిలోపలిదేనేమో కంటెయిన్స్‌తో చూసి, అయితే రంగు తీయకండి. డ్రాప్‌లోనూ ప్రివెంట్‌డిఫాల్ట్ పిలవండి. రంగులు చెరిపే పని, లాగడం ముగిశాక వచ్చే డ్రాగ్‌ఎండ్‌కు అప్పగించండి, కార్డును గడి బయట వదిలేసినా అది వస్తుంది.

ఇక ఫోను. పెదనాన్నగారు మొక్కల మడుల మధ్య నిలబడి ఫోనులోనే పేజీ చూస్తారు. ఈ ఈవెంట్లు మౌస్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి, వేలితో లాగినప్పుడు అన్ని ఫోన్లలోనూ పనిచేస్తాయని నమ్మలేం. మౌస్‌కీ వేలికీ పనిచేసే పాయింటర్ ఈవెంట్లతో రాసుకోవచ్చు, కానీ సీఎస్‌ఎస్‌లో టచ్-యాక్షన్ విలువను ‘none’ చేయకపోతే పేజీ పైకీ కిందికీ జరిగి, లాగడం రద్దయిందని చెప్పే పాయింటర్‌క్యాన్సిల్ వచ్చేస్తుంది. అందుకే ప్రతి కార్డు మీదా ‘లారీ మార్చు’ బటన్ ఉండి తీరాలంటాను. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాల్లో 2023లో వచ్చిన డబ్ల్యుక్యాగ్ (WCAG) 2.2 కూడా లాగకుండానే ఆ పని జరిగే దారి ఉండాలంటోంది. బటన్, డ్రాప్ రెండూ ఒకే ఫంక్షన్‌ను పిలిచేలా రాయండి, లారీ నిండిందా అన్న తనిఖీ ఒక్కచోటే ఉంటుంది.